డ్యాష్‌బోర్డు కింది డబ్బా

ఆ రోజు నేను చేసిన తప్పు, నా డ్రైవరును నలుగురి ముందు దొంగ అనడం.

కల్వకుర్తిలో నాకు విత్తనాల దుకాణం ఉంది. తొలకరి పడి, పత్తి గింజల కోసం నలుగురు రైతులు వచ్చిన పొద్దు అది. మూడు రోజులు కదలకుండా నిలిపిన కారు మళ్లీ స్టార్టు కాలేదు. అలా కావడం నాలుగోసారి. బ్యాటరీ కొత్తది. రెండు నెలల కింద డ్రైవరే హైదరాబాదు నుంచి తెచ్చి బిగించాడు.

"కొత్తది అమ్ముకొని పాతది పెట్టినవ్. దొంగ చేతికి తాళాలిచ్చిన నేను," అన్నాను. గొంతు తగ్గించలేదు.

తొమ్మిదేళ్లుగా నా దగ్గర పని చేస్తున్న మనిషి. నన్ను అన్నా అని పిలుస్తాడు. వెళ్లి స్టీరింగు ముందు కూచున్నాడు. గింజల సంచులు పక్కన పెట్టి ఆ నలుగురు రైతులే కారు నెట్టారు. "జీతం వానికి, నెట్టుడు మాకా సేటూ?" అని ఒకాయన అంటే నేనూ నవ్వాను.

శ్రీశైలం రోడ్డు మీద కార్లకు కరెంటు పని చేసే ముసలాయన ఉన్నాడు. ఊరంతా చాచా అంటుంది. కారు దిగుతూనే నా అనుమానం ఆయనకు చెప్పాను.

"మనిషిని తర్వాత తిడుదువు గని, ముందు నంబరు చూద్దాం," అని గ్యారంటీ కార్డు అడిగాడు. కార్డు మీది నంబరు, బ్యాటరీ మీది నంబరు ఒక్కటే. అక్కడితోనైనా నేను ఆగాల్సింది. అయితే లైట్లు బంద్ చేయకుండా పోతున్నాడేమో అన్నాను.

చాచా పట్టించుకోలేదు. ఇంజను నడిపించి చార్జింగు చూశాడు. బాగానే ఎక్కుతోంది. ఇంజను ఆపి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ తీగ ఒకటి విప్పి మధ్యలో మీటరు కలిపాడు. అన్నీ ఆపేసిన కారు కూడా కరెంటు తాగుతూనే ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. ఏది పీకినా మీటరు మీద అంకె దిగలేదు. ఇది కారుతో వచ్చిన తీగ కాదు, తర్వాత ఎవరో కలిపారు అన్నాడు. బ్యాటరీ నుంచి లోపలికి పోయిన సన్నటి ఎర్ర తీగను వేలితో తడుముతూ పోయి, డ్యాష్‌బోర్డు కింద నుంచి నల్ల టేపు చుట్టిన అగ్గిపెట్టెంత డబ్బా లాగి నా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది.

అది పెట్టించింది నేనే. రెండేళ్ల కింద అతని మీద ఎవరో ఏదో అన్నారని, డ్రైవరు సెలవులో ఉండగా బిగించి తెచ్చాను. కారు ఎక్కడుందో ఫోనులో కనబడేది. కొన్ని నెలలు చూశాను. ఏ తప్పూ దొరకలేదు. విసుగొచ్చి దాని సిమ్ముకు రీచార్జి మానేశాను, తర్వాత మరచే పోయాను. సిగ్నలు దొరక్క అది రాత్రింబవళ్లు వెతుకుతూ బ్యాటరీని పీల్చేసిందని చాచా చెప్పాడు.

"ఎవరు పెట్టించిన్రు?"

నేను నోరు తెరిచేలోపే డ్రైవరు అన్నాడు: "అన్ననే చాచా. నాకెర్కనే. కింద చాప దులుపంగ తీగ కండ్లవడ్డది."

"ఎర్కైతే పీకెయ్యకపోయినవా?"

"పీకేస్తే దొంగనంటడు గద."

మిగిలినది కూడా అతను చాచాకే చెప్పాడు, నాకు కాదు. అతని బిడ్డ దేవరకద్రలో హాస్టల్లో ఉండి చదువుతోంది. దుకాణం పని మీద ఒక్కడే మక్తల్ పోయినప్పుడల్లా ఆ గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆపి చూసి వచ్చేవాడట. తీగ కనబడిన నాటి నుంచి ఆపడం మానేశాడు. కారు పోతుంటే చూశామని ఎవరో చెబితే, ఆ పిల్ల ఫోను చేసి 'నా మీద కోపమా నాయినా' అని అడిగింది.

"కారు గా తొవ్వల పోతలేదు బిడ్డా అని చెప్పిన. రెండేండ్ల సంది గదే అబద్ధం చెప్తున్న."

ఆ తోవలో వెనక సీట్లో నేనెన్నిసార్లు కునుకు తీశానో. అతనికి అక్కడ బిడ్డ ఉందనే నాకు తెలియదు. చాచా తీగ కత్తిరించాడు. అంకె దిగింది. తాళం తిప్పగానే కారు స్టార్టయితే, ఆ చప్పుడుకు ఉలిక్కిపడ్డాను.

దారిలో, తప్పయింది తమ్మీ అన్నాను. సరే అన్నాడు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. ఆదివారం కారు తీసుకొని బిడ్డను చూసి రమ్మన్నాను. తాళాలు బల్ల మీద పెట్టి, బస్సులో పోయి వచ్చాడు.

ఒక్కడి చెవిలో అంటే చెల్లే క్షమాపణ కాదిది. నేనన్న మాట గింజల సంచులతో పాటు నాలుగు ఊళ్లకు పోయింది. అతను దొంగ కాదు, తప్పు నాదే అని చెప్పడానికి స్కూటరు మీద నేనూ ఆ నాలుగు ఊళ్లకూ పోయాను. మూడు చోట్ల విని తలూపారు. నాలుగో ఆయన మంచం మీది నుంచి లేవకుండానే అన్నాడు: "నాకెందుకు సేటూ? మా ఇంటామెకు చెప్పు. నేను గామెకే చెప్పిన, గామె ఊరికి చెప్పింది."

ఆమె చెల్కలో పత్తి గింజలు పెడుతోంది. చెల్క పొడుగునా సాళ్లలో కూలి ఆడవాళ్లున్నారు. తడి మట్టిలో చెప్పులు దిగబడితే విడిచి నడిచాను. నేను చెప్పిందంతా ఆమె నడుము ఎత్తకుండానే వింది.

"జర గట్టిగ చెప్పు. గా చివరి సాలోల్లకు వినవడలే."

గట్టిగా చెప్పాను.