చీటీల చాచా, నా మూసిన డబ్బా

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదని నా గట్టి నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. గద్వాలలో రైతులతో పత్తి విత్తనాలు పండించి కంపెనీలకిచ్చే ఒక ఆర్గనైజరు దగ్గర ప్రోగ్రామరుగా చేరాను (ఆఫీసులో ఉన్న ప్రోగ్రామరును నేనొక్కణ్నే గనుక పెద్ద ప్రోగ్రామరును కూడా నేనే). ఏ రైతు విత్తనాల లాటు (ఒక రైతు సరుకంతా కలిపి ఒక లాటు) పరీక్షలో పాసయిందో చెప్పే పని అంతవరకు, అందరూ చీటీల చాచా అని పిలిచే పాత గుమాస్తాది. రైతు పేరు, ఊరు చీటీ మీద రాసి రికార్డుల గదిలోకి పంపితే, లోపలి మనిషి చదువుకొని ఆ ఒక్క కాయితమే తెచ్చేవాడు. "ఇంక చీటీలెందుకు చాచా, బటన్ నొక్కితే చాలు" అన్నాను గొప్పగా. పాపం, చాచా రెండు నెలలు ఒంటి వేలితో పాత రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు.

పది పేర్లతో పరీక్షించినప్పుడు నా ప్రోగ్రాం పరుగెత్తింది. ఫలితాలు చెప్పే రోజు మాత్రం మానవపాడు నుంచి వచ్చిన రైతులతో వరండా నిండిపోయింది, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. "నా లాటు పాసైందా లేదా జర చెప్పు కొడుకా, పొద్దుగాల నుంచి నిలవడ్డ" అని ఒకావిడ బతిమాలుతోంది. ఆర్గనైజరు సారు వచ్చి "ఏందిది? ఎవరు ఖరాబు చేసిన్రు?" అని అరిచాడు. "చాచా ఎంట్రీలు తప్పు కొట్టినట్టున్నడు సార్" అన్నాను. అంత అబద్ధం అంత తడుముకోకుండా ఎలా వచ్చిందో నాకే తెలియదు. "చాతగాకుంటె ఇంట్ల కూసో చాచా, రేపటి సంది రాకు" అన్నాడు సారు అందరి ముందూ. చాచా కళ్లద్దాలు జేబులో పెట్టుకొని, నన్నొకసారి చూసి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి నా తప్పు బయటపడింది. ఏ రైతు కావాలో చెప్పే షరతును నేను డెలిగేట్ ఫంక్షన్‌గా రాశాను. రికార్డులన్నీ దాచుకున్న డేటాబేస్‌కు అది మూసిన డబ్బా. లోపలేముందో చదవలేక, ఉన్న రైతులందరినీ మోసుకొచ్చి నా ముందు పోస్తోంది. సరే, డేటాబేస్ చదవగలిగే ఎక్స్‌ప్రెషన్ ట్రీగా మారుద్దామని ఆ డబ్బానే కాయితంలో చుట్టి పంపాను (తెలివి!). ఇదీ చదవలేనంది డేటాబేస్. చివరికి షరతును విడదీసి, ఊరు ఇది, పేరు ఇది అని దానికి అర్థమయ్యేలా రాస్తే ఆ ఒక్క రికార్డే రెప్పపాటులో వచ్చింది. పొద్దున బతిమాలినావిడ లాటు పాసయింది. అంటే నేను చెమటోడ్చి కనిపెట్టింది చాచా చీటీనే.

ఎంట్రీల్లో ఒక్క తప్పు లేదు. అయినా సారుతో నేనన్న మాట, "అన్నీ దిద్దిన సార్, చాచాను మళ్ల పిలువున్రి." క్షమించినవాణ్ని నేనయ్యాను! చాచా మర్నాడే వచ్చి, జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకొని పనిలో కూర్చున్నాడు.

ఆ ఉద్యోగం మానేశాక ఒకసారి చాచా ఇంటికెళ్లి, తల వంచుకొని అంతా చెప్పేశాను. చాచా టీ కప్పు నా చేతికిచ్చి నవ్వాడు. "నాకు గప్పుడే తెలుసు బేటా. నేను రెండుసార్లు చూడంది ఒక్క పేరు గుడ కొట్టలె. నువ్వే వచ్చి చెప్తవని చూసిన. జర లేటైంది, గంతే."

ఆ 'జర' ఏడేళ్లు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు "డేటానే తప్పు సార్" అన్నప్పుడల్లా ఆనాటి పెద్ద ప్రోగ్రామరు గుర్తొచ్చి నవ్వొస్తుంది. చెవులు మాత్రం ఇంకా వేడెక్కుతూనే ఉంటాయి.