వేడి అచ్చుకు నూనె

పోయిన శనివారం మా అమ్మాయికి గాలం కొందామని ఐర్లండ్‌లో మేముండే నేవన్ ఊరి నుంచి సముద్రం వైపు వెళ్ళాం. కొట్లో, గాలానికి బరువు కట్టే సీసపు గుండ్లు ఒక బుట్టనిండా ఉంటే ఒకటి తీసి వేలితో తడిమాను. నున్నగా ఉండాల్సింది ముడతలు పడి ఉంది. "దీన్ని పోసినవాడు అచ్చుకు నూనె ఎక్కువ పెట్టాడు" అన్నాను. "ఇట్స్ గ్రాండ్, డాడీ. ఫిష్ వోంట్ మైండ్" అంది అమ్మాయి. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో వస్తుంది. చేపకు పట్టింపు లేని మాట నిజమే. నాకే, ఆ ముడతలు చూశాక దారి పొడుగునా పాత సంగతి ఒకటి గుర్తొస్తూనే ఉంది.

ఈ దేశంలోనే డండాక్‌లో చదువు పూర్తయ్యాక ఇలాంటి గుండ్లు పోసే ఒక చిన్న కార్ఖానాలో చేరాను. పేరుకు ఇంజనీరుని, చేసేది అట్టపెట్టెలకు టేపు వేయడం. అచ్చుల దగ్గర ఒక అంకుల్ ఉండేవారు. బాలానగర్‌లో పాతికేళ్ళు పోతపని చేసిన మనిషి, భార్యకు ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే వెంట వచ్చారు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలరు గానీ ఆయన గట్టిగా మాట్లాడేవి రెండే మాటలు, ఇక్కడివాళ్ళు 'బాగానే ఉంది' అనడానికి వాడే గ్రాండ్, ఇంకోటి సారీ. ఆ రెండింటితో ఐర్లండ్ అంతా తిరిగి రావచ్చని ఆయన ధీమా. నాకు తెలిసి అది తప్పు కూడా కాదు. మధ్యాహ్నం తన డబ్బాలోని జొన్నరొట్టె సగం విరిచి నా చేతిలో పెట్టి, "మీ గుంటూరోళ్ళు కారం తప్ప ఏం తింటరు బిడ్డా" అని నవ్వేవారు.

అక్కడి తంటా అంతా అచ్చులతోనే. రెండు అల్యూమినియం దిమ్మలు పుస్తకంలా మూసుకుంటాయి, నడిమి గుంతలో కరిగిన సీసం పోస్తారు. అచ్చు సెగలు కక్కుతుంటే కీలూ, దిమ్మల్ని కలిపే పిన్నులూ ఒరుసుకుని పట్టేస్తాయి. నూనె పెడితే మాడి జిగురవుతుంది, ఎక్కువైతే గుంతలోకి పాకి గుండు ముడతలు పడుతుంది. మిగతావాళ్ళు గ్రీజు పులిమి నెలకో అచ్చు పాడుచేసేవారు. అంకుల్ మాత్రం అచ్చు వేడెక్కేదాకా ఆగి, చెవిలో పెట్టుకునే దూదిపుల్లను స్కూటరు ఇంజన్లో పోసే నూనెలో ముంచి, గుడ్డతో పిండి, దాదాపు పొడిగా అయిన ఆ పుల్లను పిన్నులకు అలా తాకించి తీసేవారు. ఆయన అచ్చు ఏదీ పట్టేయగా నేను చూడలేదు.

ఇది యజమాని కంట్లో పడింది. ఆ పద్ధతిని ఒక పేజీలో రాసిమ్మని నాకు పురమాయించాడు. అప్పటికి నా వీసాకు ఆరు నెలలే మిగిలాయి, ఆలోగా యజమాని వర్క్ పర్మిట్ ఇప్పిస్తేనే నేను ఈ దేశంలో ఉండగలను. రెండు వారాలు అంకుల్ పక్కన నిలబడ్డాను. ఆయన ఏదీ దాచలేదు. "రాస్కో బిడ్డా, మంచిగ రాస్కో. నా పేరు గూడ పెట్టు, మా ఆమెకు సూపిస్త" అన్నారు. పెడతానన్నాను. కాగితం కింద 'తయారుచేసినవారు' అన్నచోట నా పేరొక్కటే టైపు చేశాను. రెండు పేర్లుంటే పర్మిట్ ఎవరికివ్వాలా అని యజమాని ఆలోచిస్తాడేమోనని నా భయం. అంకుల్‌కు పర్మిట్ అవసరమే లేదు, భార్య వీసా మీద ఉన్నారు. ఆ సంగతి నాకు తెలుసు.

నాకు పర్మిట్ వచ్చింది. ఆ నెలలోనే అంకుల్‌ని మానేయమన్నారు. పద్ధతి గోడ మీద ఉంది కదా, ఇక ఎవరైనా చేస్తారు అన్నాడు యజమాని. ఆఖరి రోజున అంకుల్ గోడ దగ్గర నిలబడి, ఆ కాగితాన్ని కూడబలుక్కుంటూ కిందిదాకా చదివారు. నేను పక్కనే ఉన్నాను.

"చుక్క అని రాసినవ్" అన్నారు. "చుక్క గాదు బిడ్డా, తడి. తడి కంటికి కనపడ్డదంటే ఎక్కువైనట్టే. దిద్దు."

పేరు మాట ఎత్తలేదు. డబ్బా సంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్ళిపోయారు. నేను దిద్దలేదు. దిద్దితే, రాసింది తెలియనివాడని బయటపడుతుంది. ఆ చుక్కతోనే ఏడాదిలో సగం అచ్చులు పోయాయి. ఈలోగా నేను లెపర్డ్స్‌టౌన్‌లో ఆఫీసు ఉద్యోగానికి మారిపోయాను.

తర్వాత ఒకసారి సూపర్‌మార్కెట్లో ఎదురుపడ్డారు, పక్కన భార్య. తప్పించుకునే వీల్లేదు. "మా కార్ఖానల ఇంజనీరు, శాన తెలివిగల్ల పిల్లగాడు" అని ఆవిడకు పరిచయం చేశారు. అందులో ఎగతాళి ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతుంటాను. ఉంటే కాస్త తేలికయ్యేది. ఆవిడ మాత్రం నా ముఖం ఒకసారి చూసి, బండి తోసుకుంటూ ముందుకెళ్ళింది. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. బాగున్నారా అని మాత్రం అడిగాను.

ఏళ్ళు గడిస్తే చేసిన తప్పు చిన్నదవుతుందనుకున్నాను. చిన్నదైంది తప్పు కాదు, అది చేయడానికి అప్పట్లో నాకు నేను చెప్పుకున్న కారణం.