చెరపడం మరిచిన మాట

నేను పుస్తకం ఎవరికీ అరువివ్వను. అడిగినవాళ్లు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. చరిత్ర పుస్తకమైతే చేతికి కూడా ఇవ్వను. మూడో తరగతితో బడి మానినదాన్ని. ఒక్కో పేజీ కూడబలుక్కుని చదివినదాన్ని.

మొదటి పుస్తకం నాకు మిరపకాయల పొట్లంగా దొరికింది. కోరుట్లలో పుట్టింటికి పోయినప్పుడు, కిరాణా దుకాణంవాడు ఎండుమిర్చి కట్టిచ్చిన కాగితం. మిర్చి డబ్బాలో పోసి, కాగితం మడతపెట్టబోతూ చదివాను. ఎవరో రాజు సేన నది ఒడ్డుకు వచ్చింది. వెనక శత్రువు, ముందు పొంగుతున్న నీళ్లు. అక్కడితో కాగితం అయిపోయింది. దాటాడా లేదా? ఆ పూట కూర మాడింది.

మా నాయన దాచిన పాత పేపర్ల కట్ట దుకాణంలో ఇచ్చి, మిగిలిన పుస్తకం తెచ్చుకున్నాను. అట్టా, మొదటి పేజీలూ అప్పటికే ఊరివాళ్ల వంటిళ్లలోకి పొట్లాలై పోయాయి. ఇల్లు చేరేలోపే దారిలో చదివాను. రాజు ఏనుగుల మీద నది దాటాడు.

సిరిసిల్లలో మా ఆయన మగ్గం నేసేవాడు. ఆయనకు అక్షరం రాదు. బువ్వ తింటుంటే నేను చదివి వినిపించేదాన్ని. ఆ రోజుల్లో మా దిక్కు దళమంటే ఒకటే అర్థం, తుపాకులతో తిరిగే అన్నలు. ఆ మాట ఎవరూ పైకి అనేవారు కాదు. పుస్తకంలో మాత్రం ఎక్కడ చూసినా అదే: గుర్రపు దళం, విలుకాళ్ల దళం. నేను మొదటిసారి ఆ మాట చదవగానే ఆయన ముద్ద వదిలి, లేచిపోయి తలుపు వేశాడు.

“పొయ్యిల వెయ్యి,” అన్నాడు.

పక్క వీధిలో ఒకాయనను పుస్తకాలు దొరికాయని పట్టుకుపోయి వారం కాలేదు. మా ఆయన భయం ఉత్తది కాదు. కానీ నేనింకా సగంలోనే ఉన్నాను. వెయ్యనన్నాను. రెండు రోజులు వాదులాడుకున్నాం. చివరకు ఆ మాట ఉన్నచోటల్లా బొగ్గుతో చెరపాలని ఒప్పందమైంది. నాకు పని తెమలదు కాబట్టి తనే చెరుపుతానన్నాడు. ద, ళ, సున్న నేలమీద రాసి చూపించాను. బతుకులో ఆయన నేర్చిన మొదటి మాట అదే. దొరికినప్పుడల్లా, తెగిన పోగు చిక్కినంత సంబరపడేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన బొగ్గు పట్టుకుని కూర్చున్నప్పుడే పోలీసులు వచ్చారు. ఇల్లంతా వెతికి, ఒక జవాను పుస్తకం తెరిచాడు. పేజీల నిండా నల్ల గీతలు. భయపడి చేసిన పనే మీదికి వచ్చింది.

“గీ మాటలెందుకు చెరిపినవ్‌రా?”

“అక్షరాలు నేర్చుకుంటున్న సార్,” అన్నాడు మా ఆయన.

“ఏదీ, ఒక్కటి చదువు.”

ఆయనకు వచ్చిందే ఒకటి. బొగ్గంటిన వేలు పేజీ మీద పాకి పాకి, చెరపడం మరిచిన చోట ఆగింది.

“దళం,” అన్నాడు.

జవాను పుస్తకం లాక్కుని దాని ముందున్న మాట చదివాడు. ఏనుగుల. మళ్లీ చదివాడు. మా ఆయనను పైనుంచి కిందికి చూశాడు.

“ఏనుగులను ఏడ దాచినవ్‌రా?” అని నవ్వి, పుస్తకం మగ్గం మీద పడేసి పోయాడు.

మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. మొన్న జగిత్యాల బస్టాండు దగ్గర, పాత పుస్తకాల బండి మీద ఒకటి తిరగేస్తే అదే పుస్తకం, అట్టతో సహా. నేనెన్నడూ చూడని మొదటి పేజీలన్నీ నిలబడే చదివాను. తర్వాత ఏనుగుల పేజీ తీశాను. మచ్చ లేకుండా తెల్లగా ఉంది. మా ఇంట్లో ఉన్నదాంట్లో ఆ మాట పక్కనే ఆయన బొగ్గు వేలిముద్ర ఉంటుంది. పుస్తకం మూసి బండి మీద పెట్టాను.

“గంతసేపు చదివినవ్, కొనవా అవ్వా?” అన్నాడు బండి అతను.

“ఇంట్ల ఉన్నది కొడుకా,” అన్నాను.