నంగలి పాల డైరీలో గని సంగు

ఆ రోజుల్లో నాకు కంప్యూటరంటే బెంగళూరు ఆఫీసులో నా బల్ల మీద ఉండే నల్లటి పెట్టె. మా మేనమామకు మాత్రం కంప్యూటరంటే మూతైనా లేని ఒక పచ్చ పలక, దాని మీద కొన్ని మీటలు, ఎర్రగా వెలిగే నాలుగు అంకెలు. బంగారు గనిలో ఎలక్ట్రానిక్స్ సెక్షన్‌లో ఉన్నప్పుడు ప్రోగ్రాములు తయారుచేయడానికి వాడిన ఆ డెవలప్‌మెంట్ కిట్‌ను, గని మూతపడ్డాక పాత సామాన్లలోంచి ఆయనే అడిగి తెచ్చుకున్నాడు. షిఫ్టుల సంగు (మా కేజీఎఫ్‌లో సైరన్‌ను అట్లే అంటారు) వేళకు దానంతటది మోగేట్టు చేసింది ఆ కిట్‌తోనే. అత్త పోయాక గని క్వార్టర్స్‌లో ఆయనతో పలికేది అదొక్కటే. (నవ్వించే కథలో ఇదెందుకంటారేమో, అది లేకుండా మా మామ లేడు.)

గుండె జబ్బు చేసి ఆయన క్వార్టర్స్ ఖాళీ చేసి బెంగళూరులో నా ఒంటిగది ఇంటికి రావాల్సి వచ్చింది. కిట్‌కు చోటు లేదు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

"యాడైనా ఇయ్యి పాపా. కానీ దినామూ కరెంటు పెట్టేవాళ్లకే ఇయ్యల్ల. సుమ్నే, ఊరికే అల్మారాలో పెట్టేవాళ్లకు వద్దు."

ఇంక ఆదివారాలన్నీ ఆ వేటకే పోయాయి. మాస్తిలో ఒక బడివాళ్లు సంతోషంగా తీసుకుంటామన్నారు గానీ, అద్దాల బీరువాలో పెడతామనేసరికి మామ సంచి సర్దుకున్నాడు. పాత ఇనుము అంగడాయన మాట పూర్తికాకముందే దాన్ని తక్కెట్లో పెట్టేశాడు. మామ కిందికి దించి, తువ్వాలుతో తుడిచి, బస్టాండు దారి పట్టాడు. ఎవరు తీసుకుంటామన్నా సంబంధం చూసేవాడిలా ఆరాలు తీసేవాడు. ఇంట్లో ఎలుకలుండాయా, మిద్దె కారుతుందా, కరెంటు ఎట్లుంటుంది? నేను పక్కన నిలబడి సాయంత్రం బస్సు గురించి ఆలోచించేదాన్ని.

చివరికి నంగలి పాల డైరీ సెక్రెటరీ దొరికాడు. పాల బండి వచ్చే వేళకు రైతులు రావడం లేదని, ఒక సంగు ఉంటే బాగుంటుందని ఆయన గోల. మామ కిట్‌ను బస్సులో ఒళ్లో పెట్టుకొని పోయి, చిన్న సైరన్‌కు కలిపి, డైరీ గూట్లో స్వయంగా అమర్చాడు. కుంకుమ పెట్టి టెంకాయ కూడా కొట్టారు.

అందరం మరిచిపోయిన సంగతి ఒకటుంది. అందులోని చిప్‌లో ఉన్నది గని వేళలు. చిప్‌లో రాసినదాన్ని చెరపడానికి వాడే ప్రత్యేక దీపం ఎప్పుడో కాలిపోయింది కాబట్టి మార్చడానికీ లేదు. పొద్దున ఆరుకు మోగింది, పాలొచ్చాయి, అందరికీ ఆనందం. మధ్యాహ్నం రెండుకు మోగితే ఆవులు పలుపులు తెంపుకున్నాయి. రాత్రి పదికి మోగేసరికి ఊరు ఊరంతా లేచి కూర్చుంది. నంగలివాళ్లు మూడో షిఫ్టుకు ఒప్పుకోలేదు.

కాబట్టి ఆరు గంటల సంగు మోగగానే స్విచ్ ఆపేయాలి. ఆపితే అది టైము మరిచిపోతుంది. మళ్లీ మర్నాడు మీటలు నొక్కి చెప్పాలి. ఏ మీట తర్వాత ఏ మీటో తెలిసింది మామకే. అందుకని దినామూ ఐదున్నరకు మా ఇంటికి ఫోను. అప్పటికే మామ మొహం కడుక్కొని, చొక్కా తొడుక్కొని, కళ్లజోడు పెట్టుకొని డ్యూటీలో ఉన్నట్టు కూర్చునేవాడు. నేను దుప్పటి తల మీదికి లాక్కొని ఆ డైరీని తిట్టుకునేదాన్ని. ఆరుకు సెక్రెటరీ ఫోను సంగు వైపు పెట్టేవాడు. ఆ మోత విని మామ "షిఫ్టు ఎక్కిందిలే" అని కాఫీ పెట్టుకునేవాడు. డాక్టర్లు చెప్పినదానికంటే చాలా కాలం బతికాడు.

మామ పోయాక, కర్మలన్నీ అయ్యాక, నేనే సెక్రెటరీకి ఫోను చేశాను. రోజూ నిద్రలో విని విని ఆ మీటలు నాకూ వచ్చేశాయి, కావాలంటే చెప్తానన్నాను. 

"నాకు ఎప్పుడో నోటికొచ్చేసిందమ్మా" అన్నాడు. "వచ్చిందంటే ఆయప్పకు ఇంగ పొద్దున్నే లేచేదానికి పనుండదని, అడగతానే ఉంటిని."

ఫోను పట్టుకొని ఏడ్చాను. ఏడ్చి, రేపటి నుంచి నన్ను అడగమన్నాను.

ఇప్పుడు నాకూ కళ్లజోడు వచ్చింది. ఐదున్నరకు ఫోను వస్తుంది. ఇద్దరికీ తెలిసిన మీటలే నేను చెప్తాను, ఆయన నొక్కుతాడు. ఆరుకు సంగు మోగుతుంది. ఒకప్పుడు దుప్పటి కప్పుకొని తిట్టుకున్న పిల్ల, ఇప్పుడు ఆ మోత అయ్యేదాకా ఫోను చెవికి ఆనించుకొని ఉండి, "షిఫ్టు ఎక్కిందిలే మామా" అని కాఫీకి లేస్తుంది.