కాలనీలో చోటు లేనివాడు

మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ ఒక ఉదయం గంప దించి, బేరం ఊసెత్తకుండా మెట్టు మీద కూర్చుంది. నరసాపురంలో మా వీధికి ఆవిడ చాలా ఏళ్ళుగా వస్తోంది. నేను పౌరోహిత్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఇంట్లో నేర్పిన మంత్రాల మీద ఇంట్లోవాళ్ళతోనే వాదించి, బడిలో సైన్సు చెప్పి, నడివయసు దాటాక చేప రుచి తెలుసుకున్నాను. ముల్లు ఎలా తీసుకోవాలో నాకు నేర్పింది ఆవిడే.

"మేష్టారూ, మీరు దెయ్యాలు లేవని మీటింగులు పెడతారు కదండి?"

"పెడతాను."

"నిజంగానే లేవాండి, మీటింగు వరకేనా?"

"నిజంగానే లేవమ్మా."

"అయితే మా ఊరొచ్చి ఒక కుండ తవ్విపెట్టండి. మావాళ్ళకి భయం."

ఆవిడ భర్త చాలాకాలం క్రితం ఒక తుఫానులో సముద్రంలోనే ఉండిపోయాడు. పడవ ముక్కలుగా వచ్చింది. అందులో వెళ్ళిన ఇద్దరూ రాలేదు. వాళ్ళ ఊళ్ళో, శవం దొరకనివాడికి ఒక పద్ధతి ఉంది. వాడు కట్టి విడిచిన బట్ట ఒకటి, వాడి వలలోంచి కోసిన ముక్క ఒకటి కుండలో పెట్టి, మూతి కట్టి, ఊరి శ్మశానంలో పూడ్చిపెడతారు. అప్పటినుంచి వాడు చనిపోయినట్టు లెక్క. అప్పటివరకు భార్య గాజులు కూడా తీయదు.

ఇప్పుడు సముద్రం ఆ శ్మశానం దాకా వచ్చింది. ఆవిడ ఇల్లు ఒడ్డున మిగిలిన ఆఖరి వరసలో ఉంది. ప్రభుత్వం లోపలికి, రోడ్డు దగ్గర, కాలనీ కట్టి ఇళ్ళిచ్చింది. ఊరు చాలావరకు అక్కడికి మారిపోయింది. ఆవిడ మారలేదు.

"ఆయన్ని ఇక్కడ సముద్రానికి వదిలేసి నేనెళ్ళి కాలనీలో పడుకోనండి. ఒకసారి పట్టుకుపోయింది చాలు. కుండ చేతికొస్తే ఆ పూటే ఎళ్ళిపోతాను."

"ఆ కుండలో ఉన్నది చొక్కాయే కదమ్మా," అన్నాను. నా అలవాటు అది.

"చొక్కా అని నాకు తెలవదేంటండి. పెట్టింది నేనే. ఖాకీ చొక్కా."

నేను వెళ్ళాను. కుండ కోసం కాదని నాకు నేను చెప్పుకున్నాను. రాబోయే తుఫానులోపు ఒక మనిషిని ఆ ఇంట్లోంచి బయటికి తేవాలి. అది హేతుబద్ధమైన పనే.

ఆ ఊరిని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు చూశాను. సరుగుడు తోట దాటాక ఇళ్ళు, ఇళ్ళు దాటాక చాలా దూరం ఇసుక, ఆ తర్వాత సముద్రం ఉండేవి. ఈసారి సరుగుడు తోట ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. తడి ఇసుకలో నూతి ఒరలు నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు భూమిలో ఉన్న నుయ్యి, చుట్టూ ఇసుక కొట్టుకుపోయేసరికి పొగగొట్టంలా పైకి లేచింది. అల వచ్చినప్పుడల్లా దానిలోంచి గొంతు సవరించుకున్నట్టు చప్పుడు. కరెంటు స్తంభం ఒకటి నీళ్ళలో నిలబడి ఉంది, తీగ లేదు. ఒక ఇంటికి గుమ్మం మాత్రం మిగిలింది. దాని మీద పసుపు రాసిన గుర్తు ఇంకా పోలేదు. ఆ గుమ్మంలోంచి చూస్తే అవతల గది ఉండాల్సిన చోట అలలు. ఎవరో లోపల మసులుతున్నట్టే ఉంటుంది. నేను రెండోసారి చూడలేదు.

ఊరు ఊరుకోలేదు. సముద్రానికి పసుపు కుంకుమ ఇచ్చారు, కొత్త చీర పెట్టారు. ప్రభుత్వమూ ఊరుకోలేదు. రాళ్ళు తెచ్చి పోసింది, మొక్కలు నాటింది, ఫొటోలు తీసుకుంది. సముద్రం చీరనూ తీసుకుంది, రాళ్ళనూ తీసుకుంది. ఇదంతా అమ్మవారి కోపమని ఊళ్ళో అన్నారు. ప్రకృతి వైపరీత్యమని ఆఫీసులో అన్నారు. ఈ రెండు మాటలకీ నాకు తేడా తెలియదు. సముద్రమట్టం పెరగడానికి కారణాలున్నాయి. గోదావరి మోసుకొచ్చే ఇసుక ఎగువనే ఆగిపోవడానికీ, మడ అడవిని నరికి రొయ్యల చెరువులు తవ్వడానికీ కారణాలున్నాయి. కారణం ఉన్నచోట బాధ్యుడు కూడా ఉంటాడు. కోపమనో వైపరీత్యమనో అనేస్తే ఆ బాధ్యుడు చల్లగా తప్పుకుంటాడు. ఇది నేను ఎన్నో సభల్లో గొంతు చించుకుని చెప్పినమాట. వింటున్న వాళ్ళలో ఆ చెరువులవాళ్ళు కూడా ఉండేవారు. చప్పట్లు కొట్టేవారు.

కుండ తీస్తే మళ్ళీ ఎక్కడ పూడ్చాలి? ముందు అది తేలాలని కాలనీ వ్యవహారాలు చూసే అధికారి దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు, మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"కాలనీకి శ్మశానం ఎక్కడండీ?"

"ఇంకా అనుకోలేదు మాస్టారూ. స్కీములో ఇళ్ళు, రోడ్డు, వాటర్ ట్యాంకు ఉన్నాయండి. శ్మశానం లేదు."

"మనుషులు ఉంటే చనిపోతారు కదా బాబూ."

"అది వేరే డిపార్టుమెంటండి."

అతను వేళాకోళం ఆడటం లేదు. వాతావరణ మార్పు వల్ల కదిలిపోయే మనుషులకు ఏమేం కావాలో ఎవరో ఎక్కడో కూర్చుని ఆలోచించారు. వాళ్ళ ఆలోచనలో ఆ మనుషులకు చావు లేదు, అంతకుముందు చచ్చినవాళ్ళూ లేరు. కాలనీ స్థలం ఒకప్పటి రొయ్యల చెరువు, మట్టి పోసి చదును చేసింది. రెండు అడుగులు తవ్వితే ఉప్పునీరు పడుతుంది. అర్జీ రాసిచ్చి వచ్చేశాను.

ఊరి కులపెద్ద ముసలివాడు. అతనూ అప్పటికే కాలనీకి మారాడు, కానీ పగలంతా పాత ఊళ్ళోనే తిరుగుతుంటాడు. ఆనాడు ఆ కుండలు పూడ్పించింది అతనే.

"పూడ్చినదాన్ని పైకి తీయకూడదండి," అన్నాడు. "తీస్తే పోయినోడు ఇంటిదారి పడతాడు."

"ఇల్లే పోతోంది. ఏ ఇంటికొస్తాడు?"

"అదేనండి మరీ కష్టం. ఇల్లు లేకపోతే ఊరంతా తిరుగుతాడు."

"ఊరు మాత్రం ఎక్కడుంది?" అన్నాను.

ముసలివాడు నుదురు రుద్దుకున్నాడు. "మీతో మాటాడితే తల నొప్పండి. మీరు తవ్వుకోండి, మేం వద్దనం. మీకు దేవుడూ లేడు, దెయ్యమూ లేదు, అడిగేవోడు లేడు. మావోళ్ళెవరూ పార ముట్టరు. చోటు మాత్రం నేను చూపిత్తాను."

వాళ్ళు ఆ శ్మశానంలో రాళ్ళు పాతరు. ఇసుకలో రాయి దిగిపోతుంది, లేకపోతే జరిగిపోతుంది. సముద్రంలో చేపలు పడే చోటును ఎలా గుర్తుపెట్టుకుంటారో, పూడ్చిన చోటునూ అలాగే గుర్తుపెట్టుకుంటారు. దూరంగా కనిపించే రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి దాక్కునేలా నిలబడితే ఒక గీత. ఇంకో రెండింటితో ఇంకో గీత. రెండు గీతలూ కలిసిన చోటే కుండ. ఇక్కడ ఒక గీతకు గుర్తు తుఫాను షెల్టరూ, దాని వెనక అమ్మవారి గుడి. రెండోదానికి లైట్‌హౌసూ, దాన్ని కప్పేసే మొదటి తాడిచెట్టూ. సముద్రం వైపు నుంచి లోపలికి ఒక వరసలో తాడిచెట్లు ఉన్నాయి. ఒడ్డుకు దగ్గరగా ఉన్నది మొదటిది. ఏటా ఆవిడ భర్త పోయిన రోజున కులపెద్ద అలా నిలబడి చోటు చూపిస్తాడు. ఆవిడ అక్కడ అన్నం పెట్టి వచ్చేస్తుంది. మిగతా రోజుల్లో ఆడవాళ్ళు అటు వెళ్ళకూడదు.

నీళ్ళు వెనక్కి తీసిన వేళ చూసుకుని మధ్యాహ్నం వెళ్ళాం. ముసలివాడు దూరంగా గట్టు మీద నిలబడి కేకలు వేశాడు.

"ఇటు జరగండి. ఇంకా. తాడిచెట్టు ఎనకాల లైట్‌హౌసు పోయిందా?"

"పోయింది."

"గుడి?"

"గుడీ పోయింది."

"అక్కడే ఏయండి."

నా వయసులో పార పట్టడం సులువు కాదు. ఆవిడ గట్టు కింద చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. తీసినకొద్దీ పక్క ఇసుక గుంటలోకి జారుతోంది. మేం మాట్లాడుకోవడం మానేశాక అలల చప్పుడు దగ్గరికొచ్చినట్టనిపించింది. నాకు భయం లేదు. కానీ పార కుండకు తగిలి టక్కుమన్నప్పుడు నేను ఎవరికో క్షమించండని చెప్పాను. నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

కుండ మెడ విరిగి ఉంది. పైకి తీసి, తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ లోపల చెయ్యి పెట్టి తడి ఇసుక తీసింది. వల ముక్క వచ్చింది. ఆ తర్వాత బట్ట వచ్చింది. నూలు బట్టయితే ఎప్పుడో మట్టిలో కలిసిపోయేది. ఇది నైలాను బనీను, నీలం రంగు, రంగు కూడా పెద్దగా వెలవలేదు.

ఆవిడ దాన్ని ఒళ్ళో పరిచి చూసింది.

"ఇది ఆయనది కాదండి," అంది.

ముసలివాడు గట్టు దిగి వచ్చాడు. అంత భయపడ్డవాడు దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"ఇది కుర్రోడిది," అన్నాడు.

ఆ పడవలో పోయిన రెండో మనిషి అతను. యానాం అవతల నుంచి కూలికి వచ్చాడు. ఇక్కడ అతనికి ఎవరూ లేరు. ఇద్దరికీ ఒకే రోజు కుండలు పెట్టారు. ఆవిడ భర్తది సముద్రం వైపు, కుర్రాడిది దానికి లోపలి వైపు.

ముసలివాడు తాడిచెట్ల వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. వేళ్ళు మడుస్తూ ఏదో గొణుక్కున్నాడు. చెట్లు కూలడం ఆ ఊళ్ళో వింత కాదు, కూలినవాటిని ఎవరూ తలుచుకోరు. ఒడ్డున ఏది మిగిలితే అదే మొదటి తాడిచెట్టు. ఏ తుఫానులోనో అసలు మొదటిది పోయింది, ఆ తర్వాత దాని వెనకది కూడా పోయింది. వీళ్ళు మాత్రం ఏటా మొదటి చెట్టు చూసుకుని నిలబడుతూనే ఉన్నారు. చెట్టు లోపలికి జరిగినకొద్దీ గీత జరిగింది, అన్నం పెట్టే చోటూ జరిగింది.

"అయితే ఆయన ఎక్కడున్నట్టండి?" అంది ఆవిడ.

ముసలివాడు చెయ్యెత్తలేదు. గడ్డంతో చూపించాడు. అక్కడ అలలు విరుగుతున్నాయి.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ బనీనులోని ఇసుక దులిపింది.

"ఈడు పడవెక్కే రోజుల్లో మా ఇంట్లోనే తినేవోడండి. కూరలో ఉప్పు లేదని వంకలు పెట్టేవోడు. బతికున్నప్పుడూ నా చేతి అన్నమే, చచ్చాకా నా చేతి అన్నమే తిన్నాడు. అదృష్టవంతుడు." బనీను మడత పెడుతూ అంది, "మరి ఆయనకి ఇన్నేళ్ళూ ఎవరు పెట్టినట్టో."

చచ్చినవాడికి ఆకలి ఉండదని నేను ఎన్ని ఊళ్ళలో చెప్పానో. ఆ మధ్యాహ్నం చెప్పలేదు. చెప్పినా తప్పు కాదు. అది నిజం. కానీ ఆవిడ అడిగినదానికి అది జవాబు కాదు.

ఆ వారంలోనే ఆవిడ కాలనీకి మారిపోయింది. ఎవరూ బతిమాలలేదు. ఉండడానికి ఆ ఒడ్డున ఆవిడకిక ఏమీ లేదు. తర్వాత వచ్చిన ఒక వాయుగుండానికి ఆ ఆఖరి వరస ఇళ్ళు నీళ్ళలోకి కూర్చున్నాయి. ఆ కుర్ర అధికారి ఫోన్ చేశాడు.

"మీ కౌన్సెలింగ్ బాగా పనిచేసింది మాస్టారూ. ఆవిడ కూడా షిఫ్టయిపోయారు. మీరు మాట్లాడుతున్న ఫొటో ఏమన్నా ఉంటే పంపండి, రిపోర్టులో పెడతాం."

ఫొటో లేదన్నాను. శ్మశానం సంగతి అడిగాను. పరిశీలనలో ఉందన్నాడు.

కుండ మాత్రం మా ఇంట్లో ఉంది. కాలనీవాళ్ళు భయపడి అక్కడ పెట్టనివ్వలేదు. పాత చోట మళ్ళీ పూడ్చడమంటే సముద్రానికి ఇవ్వడమే. కుర్రాడి తరఫువాళ్ళ ఆచూకీ ఎవరికీ తెలియదు. "కాలనీకి జాగా వచ్చేదాకా మీ దగ్గరుంచండి, మీకయితే పర్లేదు కదండి," అంది ఆవిడ. స్కూటర్ పెట్టే షెడ్డులో, గోడవారన పెట్టాను. మా ఆవిడ ఏమీ అడ్డుచెప్పలేదు.

"ఇన్నాళ్ళూ లేరు లేరని ఊళ్ళు తిరిగి అరిచారుగా," అంది. "ఇప్పుడొకణ్ణి కాపలా కాయండి."

షెడ్డులోకి వెళ్ళినప్పుడల్లా నేను స్కూటర్ వైపే చూస్తాను. అది మట్టి కుండ. అందులో ఉన్నది నైలాను. పెట్రోలులాగే భూమిలోంచి తీసిన నూనెతో చేసింది, అందుకే అది చివకలేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసినందువల్ల ఆ మూల తేలికపడలేదు. సభల్లో ఈమధ్య మాటల మధ్యలో ఆగిపోతున్నాను. ఇల్లు వదిలి రాని జనాన్ని మూఢులని నాతోటివాళ్ళు అన్నప్పుడు, వాళ్ళు దేన్ని వదలలేకపోతున్నారో అడిగారా అని అడుగుతున్నాను. మీరు మెత్తబడ్డారని వాళ్ళు నవ్వుతున్నారు.

ఆవిడ ఇప్పటికీ చేపలు తెస్తుంది. కాలనీ నుంచి ఆటోలో వస్తుంది. రాగానే షెడ్డు వైపు తల తిప్పి అడుగుతుంది.

"కుర్రోడెలా ఉన్నాడండి?"

మొదట్లో దీనికి ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇప్పుడు చెబుతున్నాను. "బాగానే ఉన్నాడమ్మా."

మొన్నటి వానలకు మా వీధిలోకి నీళ్ళొచ్చాయి. డ్రెయిను ఎగదన్ని, షెడ్డులో మోకాలి లోతు నిలబడింది. ఇన్నేళ్ళలో ఇంత రావడం మేం చూడలేదు. నీళ్ళు తీశాక ఆవిడ వచ్చింది. గోడ మీది తడి చార చూసి, చూపు అక్కడే నిలిపి అడిగింది.

"తడిశాడాండి?"

"లేదమ్మా. ముందే మేడమీదికి పట్టుకెళ్ళిపోయాను. నా గదిలో ఉన్నాడు."

"మళ్ళీ వత్తే?"

"మేడమీదికి రావులే."

ఆవిడ ఇంకా ఆ చారనే చూస్తోంది.

"మేమూ అలాగే అనుకునేవోళ్ళమండి," అంది.