నవ్విన సభ

వైస్ ఛాన్సలర్ అంబ్రోస్ థర్లో గారికి నడుస్తూ గాలిలో వేలితో లెక్కలు రాసుకునే అలవాటు. పడుచుతనంలో ఆయన కనిపెట్టిన సిద్ధాంతానికి లండన్ పండితులంతా తలలూపారు. ఆ పేరే ఆయన్ని పదవిలో కూర్చోబెట్టింది. అప్పట్నుంచీ ప్రార్థనామందిరం కప్పు కురిసిందనీ, భోజనశాలలో మాంసం మాడిందనీ, ఆచార్యులు అలిగారనీ, ఈ గొడవలతోనే పొద్దుగూకేది. వేలు మాత్రం అలవాటు కొద్దీ ఆడుతూనే ఉండేది.

ఆ చలికాలం పెంబర్టన్ అనే యువ ఆచార్యుడు ఆ సిద్ధాంతాన్ని మరింత ముందుకు తీసుకెళ్లి, నిండు సభలో నల్లబల్ల మీద నిరూపించాడు. ముందు వరుసలో భార్య లెటీషియా పక్కన కూర్చున్న థర్లో గారి వేలు సగందాకా అతని వెంట నడిచి, మోకాలి మీద ఆగిపోయింది.

"తప్పులుంటే మీరే దిద్దాలి సార్," అన్నాడు పెంబర్టన్ వినయంగా.

ఆయన మెల్లగా లేచారు. "నేనేం దిద్దుతాను నాయనా? సగం నుంచీ నాకు అర్థమే కాలేదు."

సభంతా గొల్లున నవ్వింది. "అంతటివాడికి ఎంత నిగర్వమో చూడండి," అన్నారెవరో వెనక నుంచి.

లెటీషియా నవ్వలేదు. జనం వెళ్లిపోయాక, "నిజమే చెప్పారు కదూ?" అంది నెమ్మదిగా.

"నిజమే లెటీ. కానీ ఎంత అందంగా ఉందో చూశావా?"

నౌకరు వచ్చి నల్లబల్ల తుడిచేదాకా ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు.