రాయనిది చేయని పెద్దమ్మ

మా పెద్దమ్మ రాసింది రాసినట్టు చేస్తుంది. రాయనిది చచ్చినా చేయదు. ముప్పై నాలుగేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. రిటైరైన రోజున ఎర్ర పెన్సిళ్ల డబ్బాతో పాటు ఈ జబ్బునూ ఇంటికి తెచ్చుకుంది.

ఒకసారి బ్యాంకుకు వెళ్లింది. తలుపు మీద 'నెట్టండి' అని ఉంటే నెట్టుకుని లోపలికి వెళ్లింది. పనయ్యాక చూస్తే లోపలివైపు ఏమీ రాసి లేదు. ఇక కదిలితే ఒట్టు. గార్డు వచ్చి "లాగాలండీ" అన్నాడు. "ఆ ముక్క రాయొచ్చుగా నాయనా" అని, అతని చేత కాగితం అంటింపజేసి మరీ బయటికొచ్చింది. మా గ్రంథాలయం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పక్కన 'ఈ లిఫ్టు నలుగురికి' అని బోర్డు. మిగతా ముగ్గురూ పోగయ్యేదాకా ఆవిడ తనంతట తాను లోపల కాలు పెట్టదు.

ఇలాంటి మనిషికి నా సూచనల కాగితం ఇచ్చాను. నా బుద్ధి గడ్డి తింది.

ఆరేళ్లుగా నేను చిన్న గ్రంథాలయాల కోసం ఒక వెబ్ అప్లికేషన్ నడుపుతున్నాను. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో, ఎప్పటికి తిరిగి రావాలో అది చెబుతుంది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కోడ్ విప్పి చూసి బాగుచేయవచ్చు. అనుకోవడానికి బాగానే ఉంది గానీ, చేసే నాథుడు లేడు. కొత్తవాళ్లు ఉత్సాహంగా వచ్చేవారు, నా సూచనల కాగితం చూసి దాన్ని తమ కంప్యూటర్లో నడిపించబోయేవారు, మధ్యలో ఎక్కడో ఆగి మాయమయ్యేవారు. ఆఫీసు పని మీద ఇదొకటి ఒంటిచేత్తో లాగలేక, ఏడాది చివరికి మూసేస్తున్నానని గ్రంథాలయాలకు ఉత్తరం రాసి పెట్టుకున్నాను. పంపడమే తరువాయి.

ఆ మాట చెబితే పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుంది.

"ఏదీ, కొత్తవాళ్లకిచ్చే ఆ కాగితం ఇలా తే. నేను చేసి చూస్తా."

"నీకు కోడ్ రాయడం రాదుగా పెద్దమ్మా!"

"చదవడం వచ్చుగా."

మర్నాటి సాయంత్రం నా ఎదుట కూర్చుని మొదలుపెట్టింది. ఒకటో మెట్టు, 'టెర్మినల్ తెరవండి'.

"అదెక్కడుంటుందే?"

"అందరికీ తెలుసు పెద్దమ్మా. ఆ నల్ల తెర."

"అందులో రాశావా?"

రాయలేదు. రాసి, మళ్లీ అచ్చుతీసి ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. 'మీ పాస్‌వర్డ్ ఇక్కడ' అన్నచోట ఆ మూడు మాటల్నే అక్షరం పొల్లుపోకుండా టైపు చేసింది. "అయ్యో, అది తీసేసి నీది పెట్టాలి!" అంటే, "తీసేయమని రాశావా?" అంది. అదీ రాయలేదు.

ఏడో మెట్టు దగ్గర తెరంతా ఎర్ర అక్షరాలే. ముందు పుస్తకాల వివరాలు దాచే డేటాబేస్‌ను మొదలుపెట్టాలి, లేకపోతే అంతే. నా కంప్యూటర్లో అది ఆరేళ్లుగా దానంతటదే నడుస్తోంది కాబట్టి, ఆ సంగతి రాయాలని నాకెప్పుడూ తట్టలేదు. గబుక్కున కీబోర్డు మీదికి చెయ్యి చాపాను. స్కేలుతో వేళ్ల మీద ఒక్కటిచ్చింది.

"చెయ్యి వెనక్కి! కాగితం వెళ్లిన ప్రతి ఇంటికీ నువ్వూ వెళ్తావా?"

సరే, ఆ పంక్తి చేర్చాను, పీడ వదిలిందనుకున్నాను. ఎక్కడ వదులుతుంది! కాగితంలో ఒక్క మాట మారినా సరే, అంతా చెరిపేసి ఒకటో మెట్టు నుంచి మళ్లీ మొదలు. పైగా ప్రతిసారీ కొత్త కంప్యూటర్ కావాలి. గ్రంథాలయం ఉన్న భవనంలోనే పళ్ల డాక్టరుగారి రిసెప్షనిస్టు లాప్‌టాప్ అయింది, పై అంతస్తు దర్జీ కూతురిది అయింది. చివరికి మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు వింటే జనం లాప్‌టాప్‌లు దాచుకునే స్థితి వచ్చింది. ఐదు వారాలు నాకు చుక్కలు చూపించింది.

"లోకంలో ఇంత మొద్దుగా ఎవరూ ఉండరు పెద్దమ్మా!" అని ఒకరోజు నోరు జారాను.

"ఉండరా?" అని, నలభై ఒకటో ఎర్ర గుర్తు పెట్టింది.

పరీక్ష రోజు కూడా ఆవిడే నిర్ణయించింది. ఆదివారం ఉదయం, గ్రంథాలయంలోని చదువుకునే గది. పదకొండు మంది లాప్‌టాప్‌లతో దిగారు. రిసెప్షనిస్టూ, దర్జీ కూతురూ కనిపించేసరికి మిగతావాళ్లూ ఆవిడ బాధితులే అనుకున్నాను. పెద్దమ్మ తలా ఒక కాగితం పంచి, నన్ను మూలన కూర్చోబెట్టింది. "నోరు విప్పావో, బయటికి పంపిస్తా" అంది.

వాళ్లు ఏడో మెట్టుకు చేరేసరికి నేను కుర్చీ అంచుకు జరిగాను. గుబురు మీసాల ఎలక్ట్రీషియన్ ఒకాయన ఆగిపోయి తల గోక్కున్నాడు. నేను సగం లేచాను. పెద్దమ్మ స్కేలు సగం లేచింది. ఆయన కాగితం తిప్పి, 'ఎర్ర అక్షరాలు కనిపిస్తే కంగారు పడకండి, ఈ ఒక్క పంక్తి టైపు చేయండి' అన్నది చదివి, అలాగే చేశాడు.

"వచ్చేసింది!" అని కేకపెట్టాడు.

ఆ వెనకే ఇంకొకరు, ఇంకొకరు. పదకొండు తెరల మీదా ఒకే పేజీ. నేను కుర్చీలో ఉండలేకపోయాను, గదంతా తిరిగి ప్రతి తెరా చూసుకున్నాను. అంతటితో ఆగలేదు. గడువు తేదీ ఒకరోజు ఎక్కువ చూపిస్తోందని గ్రంథాలయాలు రెండేళ్లుగా మొత్తుకుంటున్నాయి. కోడ్ నేర్చుకుంటున్న ఒక నర్సమ్మ మధ్యాహ్నంలోపే ఆ తప్పును పట్టుకుని దిద్దేసింది. గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టాం. ఏడుగురు ఇకపై పనిలో చేయి వేస్తామన్నారు. నేను దాచుకున్న మూసివేత ఉత్తరాన్ని అక్కడికక్కడే చెరిపేశాను.

అందరూ సర్దుకుంటుంటే నేను బల్ల మీదున్న పెద్దమ్మ సొంత లాప్‌టాప్ ఆపబోయాను. అప్లికేషన్ అందులో నడుస్తోంది. మొదటిసారి నడిపిన తేదీ చూస్తే, నేను కాగితం చేతికిచ్చిన రోజుది.

"పెద్దమ్మా! ఇది మొదటి రోజే నడిచిందా?"

"నడిచింది. ఏడో మెట్టు దగ్గర గంటసేపు తిప్పలు పడ్డా. జనం సందేహాలడిగే మీ సహాయం పేజీలో వెతికితే దొరికింది."

"మరి ఐదు వారాలు నన్నెందుకు ఏడిపించావు?"

సంచిలోంచి మడత కాగితం తీసింది. ఇరవై మూడు పేర్లు. పక్కన వాళ్లు సహాయం పేజీలో రాసి వెళ్లిన ఆఖరి మాటలు. 'క్షమించండి, తప్పు నాదే అయ్యుంటుంది.' 'నాకంత తెలివి లేదేమో.' 'మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను.' అవన్నీ నేనూ చదివినవే. రెండు ముక్కల్లో జవాబిచ్చి మర్చిపోయినవే.

"తప్పు కాగితంలో ఉంటే, పాపం, వీళ్లు తమ నెత్తిన వేసుకుని వెళ్లిపోయారే. ఇంకోసారి అడగడానికి సిగ్గుపడ్డారు. అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, నాకేం సిగ్గు? వాళ్ల బదులు నేను అడిగా."

"ఆ సంగతి వాళ్లకెలా తెలుస్తుంది?"

"ఒక్కొక్కరికీ ఉత్తరం రాశాగా. ఆ రోజు తప్పు మీది కాదు, మాదే, దిద్దుకున్నాం, మళ్లీ రండి అని. దగ్గర్లో ఉన్నవాళ్లు ఆరుగురు ఇవాళ వచ్చారు. ఆ మీసాలాయన ఎవరనుకున్నావ్?"

నాకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆవిడను గట్టిగా వాటేసుకున్నాను.

"ఇదెక్కడ రాసుందే?" అని విసుక్కుంది గానీ, విడిపించుకోలేదు.

కిందికి వెళ్దామని ఇద్దరం లిఫ్టు దగ్గరికి వచ్చాం. తలుపులు తెరుచుకున్నాయి. పెద్దమ్మ యథాప్రకారం ఆగింది. ఎప్పుడూ చెయ్యి పట్టి లోపలికి లాగే నేను, ఈసారి పక్కన నిలబడ్డాను. కాసేపటికి మీసాలాయనా, నర్సమ్మా సంచులు భుజాన వేసుకుని వచ్చారు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేం?" అంది నర్సమ్మ.

"మీ కోసమే" అన్నాను.

పెద్దమ్మ మమ్మల్ని వేలితో లెక్కపెట్టుకుని, తృప్తిగా ముందు తనే ఎక్కింది.